దానమా, ఋణమా? యేసు బోధల సాంఘిక నీతి – జాషువా ‘గబ్బిలం’: పరిశీలన

వ్యాససంగ్రహం:

యేసు బోధలను వ్యక్తిగత భక్తికీ, పరలోక ప్రాప్తికీ పరిమితం చేసి చదవడం తెలుగునాట స్థిరపడిన అలవాటు. అయితే సువార్తలలో కూలి, అప్పు, పన్ను, భోజనపంక్తి, ఆలయం వంటి లౌకిక విషయాలు పదేపదే ప్రస్తావనకు వస్తాయి. వాటిని ఒకచోట చేర్చి చూసినప్పుడు, పేదవానికి సమాజం ఇవ్వవలసింది దానమా, లేక తీర్చవలసిన ఋణమా అనే ప్రశ్న ఎదురవుతుంది. తెలుగు సాహిత్యంలో ఈ ప్రశ్నకు సూటి సమాధానం గుర్రం జాషువా ‘గబ్బిలం’ (1941) కావ్యంలో లభిస్తుంది. శివునికి విన్నపంగా సాగే ఆ కావ్యం యేసు బోధలోని సాంఘిక నీతికి ఏ విధంగా దగ్గరగా వస్తుందో, ఎక్కడ దానిని దాటి ముందుకు వెళుతుందో, ఆ నీతి నేటి తెలుగు క్రైస్తవ సమాజాన్ని ఏమని ప్రశ్నిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: యేసు బోధలు, సాంఘిక నీతి, జాషువా, గబ్బిలం, ఋణం, దళిత క్రైస్తవులు.

1. ఉపోద్ఘాతం:

క్రైస్తవ సాంఘిక నీతి అంటే సాధారణంగా ఆసుపత్రులు, పాఠశాలలు, అనాథ శరణాలయాలు గుర్తుకు వస్తాయి. ఇవన్నీ విలువైన సేవలే. ఐతే సేవ చేసేవారికీ, పొందేవారికీ మధ్య ఉన్న అంతరాన్ని సేవ ప్రశ్నించకపోవచ్చు. ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి క్రింద ఉండే ఏర్పాటు యథాతథంగా నిలిచి ఉండగానే దానధర్మాలు సాగిపోగలవు. యేసు బోధలకు రాజకీయార్థం ఉన్నదా అనే చర్చ నిజానికి ఇక్కడే మొదలవుతుంది. ఆయన ధనికులను దయ చూపమని మాత్రమే కోరాడా? లేక దయ అవసరం ఏర్పడే వ్యవస్థనే తప్పుపట్టాడా?

ఈ ప్రశ్న తెలుగు నేలమీద మూడు దశలలో రూపుదిద్దుకుంది. విశాఖపట్నంలో సువార్తలు తెలుగు మాటలోకి వచ్చాయి. ఒంగోలు ప్రాంతంలో ఆ మాట కరువుకాలపు జీవితంలో పరీక్షకు నిలిచింది. గుంటూరు సీమకు చెందిన జాషువా చేతిలో ఆ నీతి కావ్యరూపం ధరించింది. ఈ వరుసలోనే ప్రస్తుత పరిశీలన సాగుతుంది.

2. తెలుగు సువార్తల పదజాలం – రాజ్యం, నీతి, ఋణం:

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డేగ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. డేగ్రాంజ్, క్రైస్తవ మతం స్వీకరించిన ఆనందరాయర్ సహాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నాడు. డేగ్రాంజ్ 1810లో మరణించగా, మత్తయి, మార్కు, లూకా సువార్తల తెలుగు అనువాదం 1812లో శ్రీరాంపురంలో అచ్చయింది. ఆ తరువాత తెలుగు బైబిలు అనేక సవరణలకు లోనైనప్పటికీ, తొలి ప్రయత్నాల కాలం నుండి సువార్త ఎదుర్కొన్న సమస్య ఒకటే. పాలస్తీనా రైతుకూలీల మధ్య పుట్టిన మాటలను కుల వ్యవస్థలో జీవించే ప్రజల భాషలోకి తేవాలి.

ఆ మాటలలో ‘రాజ్యం’ మొదటిది. యేసు బోధలకు కేంద్రం దేవుని రాజ్యం. రోమను చక్రవర్తి పాలనలో, పన్నుల భారం క్రింద నలిగే జనం ముందు ‘రాజ్యం’ అనే మాట పలకడం నిరపాయకరమైన విషయం కాదు. ఆయనను శిక్షించిన విధానం ఇందుకు నిదర్శనం. సిలువ రోమను ప్రభుత్వం తిరుగుబాటుదారులకూ, బానిసలకూ విధించే శిక్ష. సిలువపై వ్రాసిన నేరం ఆయనను యూదుల రాజుగా పేర్కొన్నది. అధికారులు ఆ బోధలో రాజకీయం ఉన్నదని గ్రహించారు. తరువాతి భక్తులే దానిని తరచుగా విస్మరించారు.

‘నీతి’ రెండవ మాట. తెలుగులో నీతి అన్నప్పుడు సుమతీ శతకం, వేమన పద్యాలు గుర్తుకు వస్తాయి. అంటే అది వ్యక్తి ప్రవర్తనకు సంబంధించిన మాటగా వినిపిస్తుంది. హీబ్రూ ప్రవక్తల సంప్రదాయంలో దీనికి సాటివచ్చే పదం న్యాయస్థానంలో పేదవానికి జరగవలసిన న్యాయాన్ని, తూనికరాళ్ళలో నిజాయితీని కూడా కలుపుకొని ఉంటుంది. ‘న్యాయం’ అనే అర్థం ‘నీతి’ అనే మాట వెనుక మరుగున పడినప్పుడు కొండమీది ప్రసంగం సత్ప్రవర్తన పాఠంగా కుదించుకుపోతుంది.

మూడవ మాట ‘ఋణం’. యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థనలో, మత్తయి సువార్త ప్రకారం, క్షమింపబడవలసినవి ఋణాలు. తెలుగు బైబిలు ఆ మాటను అలాగే నిలుపుకొన్నది. దీనిని పాపానికి సంకేతంగా మాత్రమే చదవడం ఆనవాయితీ. కాని యేసు కాలపు గలిలయలో అప్పు ప్రత్యక్ష భయం. అప్పు తీర్చలేనివాడు భూమిని కోల్పోయేవాడు, చెరసాల పాలయ్యేవాడు. క్రీ.శ. 66లో యెరూషలేములో తిరుగుబాటు చెలరేగినప్పుడు తిరుగుబాటుదారులు ఋణపత్రాల భాండాగారాన్ని తగలబెట్టారని చరిత్రకారుడు జోసీఫస్ నమోదు చేశాడు. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా గ్రంథం నుండి చదివిన భాగం బీదలకు శుభవార్తనూ, చెరలో ఉన్నవారికి విడుదలనూ ప్రకటిస్తుంది. యాభైయవ యేట భూములు తిరిగి సొంతదారులకు చేరాలని, దాస్యంలో ఉన్నవారు విడుదల పొందాలని లేవీయకాండం విధించిన నియమం ఆ ప్రకటన వెనుక ఉన్నదని పలువురు బైబిలు పండితులు భావించారు.

3. కూలి ఉపమానం – చోడవరం చెరకుసీమ నుండి చూస్తే:

మత్తయి సువార్త ఇరవయ్యవ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానం సాంఘిక నీతి దృష్ట్యా కీలకమైనది. యజమాని తెల్లవారుజామున కొందరినీ, ఆ తరువాత వేర్వేరు వేళలలో మరికొందరినీ, చివరికి పొద్దుగుంకే ముందు మరికొందరినీ పనికి పిలుస్తాడు. సాయంకాలం అందరికీ ఒక్కొక్క దేనారమే ఇస్తాడు. దేనారం అప్పట్లో ఒక రోజు కూలి.

పూర్వపు విశాఖపట్నం జిల్లాలో, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో ఉన్న చోడవరం ప్రాంతంలో ఈ కథకు పెద్ద వ్యాఖ్యానం అవసరం లేదు. గోవాడ సహకార చక్కెర కర్మాగారం చుట్టూ అల్లుకొన్న ఈ చెరకుసీమలో పని అంటే ఋతువును బట్టి, గానుగాట కాలాన్ని బట్టి దొరికేది. ఇటువంటి చోట కూలి కోసం నిలబడినవాడు పని దొరకక మిగిలిపోతే అది సోమరితనం కాదని అందరికీ తెలుసు. ఉపమానంలోని చివరి కూలీలు కూడా తమను ఎవరూ పనిలో పెట్టుకోలేదనే చెబుతారు. గంటలు తక్కువైనా, ఆ రాత్రి వారి ఇంట్లో పొయ్యి వెలగాలంటే కావలసింది పూర్తి కూలి.

ముందుగా వచ్చినవారి ఫిర్యాదు గమనింపదగినది. తమకు తక్కువ ఇచ్చారని వారు అనరు. వెనుక వచ్చినవారిని తమతో సమానం చేశారన్నదే వారి అభ్యంతరం. అసమానతకు అలవాటుపడిన మనసుకు ఇతరుల సమానత్వం తన నష్టంగా కనిపించడం ఈ ఉపమానం పట్టి చూపిన సత్యం. అయితే ఈ కథకు ఒక పరిమితి ఉంది. చివరి కూలీకి దక్కిన న్యాయం యజమాని మంచితనంపై ఆధారపడి ఉంది. యజమాని మంచివాడు కాకపోతే ఏమిటి? ఉపమానం ఆ ప్రశ్నను తాకదు. యాకోబు పత్రిక మాత్రం దానికి దగ్గరగా వస్తుంది. కోతకోసిన కూలీలకు ఎగవేసిన కూలి దేవుని చెవికి చేరేలా మొరపెడుతున్నదని ఆ పత్రిక ధనికులను హెచ్చరిస్తుంది. అక్కడ కూలి యజమాని దయ స్థానం నుండి బాకీ స్థానానికి మారుతుంది. జాషువా కావ్యం అందుకొన్నది ఈ మార్పునే.

4. ఒంగోలు అనుభవం – కరువు, కూలి, విశ్రాంతి దినం:

యేసు బోధ తెలుగునాట సాంఘిక శక్తిగా మారిన తొలి సందర్భాలలో ఒంగోలు ముఖ్యమైనది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ స్థిరపడ్డాడు. మొదట వచ్చినవారు మాదిగలు. వారిలో ఎర్రగుంట్ల పేరయ్య ప్రముఖుడు. మాదిగలను చేర్చుకుంటే పై కులాలవారు రారన్న ఒత్తిడి ఎదురైనా క్లౌ వారిని నిరాకరించలేదు. తెలుగు క్రైస్తవ చరిత్రలో ఇది సువార్త ఎవరి పక్షాన నిలవాలన్న ప్రశ్నకు ఆచరణలో దొరికిన జవాబు.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే గుత్త తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. అన్నదానానికి బదులు కూలి ఇచ్చే మార్గం అది. తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా కరువుకాలంలో బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరంలోని వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను మిషనరీ విజయగాథగా చెప్పడం పరిపాటి. సాంఘిక నీతి దృష్ట్యా అంతకన్నా విలువైనది ఆ విశ్వాసులు పల్లెలో తీసుకొన్న నిర్ణయాలు. చచ్చిన పశువు మాంసం తినడం మానారు. గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టడానికి నిరాకరించారు. ఆదివారం పనికి రామన్నారు. వీటికి ప్రతిఫలంగా ఊరి పెద్దల నుండి వేధింపులు ఎదుర్కొన్నారు.

ఆదివారం ఆరాధన కోసం పని మానడం పైకి మతాచారం. వారంలో ఏడు రోజులూ, పిలిచిన వేళకు, అడిగిన చాకిరీ చేయవలసిన మనిషి ఒక రోజు తనదని చెప్పడం మాత్రం శ్రమపై తన అధికారాన్ని ప్రకటించడమే. విశ్రాంతి దినం మనుష్యుని కొరకు ఏర్పడినదన్న యేసు బోధ మాదిగపల్లెలో ఈ అర్థాన్ని సంతరించుకొన్నది.

ఈ అనుభవానికి ప్రపంచ చరిత్రతో ఒక సంబంధం ఉంది. క్లౌ అనుభవాలను ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ (1914) గ్రంథంగా లిఖించినది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. మాదిగల జీవితంపై ‘వైల్ సూయింగ్ శాండల్స్’ (1899) అనే పుస్తకం కూడా ఆమెదే. అమెరికాలో సాంఘిక సువార్త ఉద్యమానికి ప్రధాన సిద్ధాంతకర్త, ‘క్రిస్టియానిటీ అండ్ ది సోషల్ క్రైసిస్’ (1907) రచయిత వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె సోదరుడు. యేసు బోధల సాంఘికార్థం గురించి న్యూయార్కు కార్మికవాడల మధ్య ఆలోచించిన కుటుంబమే ఒంగోలు మాదిగపల్లెల గురించి కూడా రాసింది. ఒంగోలు కథను చెప్పిన కలం మాత్రం మిషనరీ కుటుంబానిది. మాదిగ బిడ్డ తన మాటగా ఆ ప్రశ్నను కావ్యంలో నిలపడానికి తెలుగు సాహిత్యం మరికొంత కాలం వేచి ఉండవలసి వచ్చింది.

5. జాషువా – రెండు సమాజాల అంచున:

గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు భిన్న కులాలవారు. తల్లి లింగమాంబ మాదిగ. క్రైస్తవ మతం ఆయనకు చదువునూ, కొంతకాలం గుంటూరు లూథరన్ మిషన్‌లో ఉపాధ్యాయ వృత్తినీ ఇచ్చింది. కాని పద్యం చేతబట్టి సభలోకి అడుగుపెట్టినప్పుడు ఆయన కులాన్ని ఎవరూ మరచిపోలేదు. మరోవైపు, సంస్కృత కావ్యాలు చదివి పురాణ వస్తువులపై రచనలు చేసినందుకు క్రైస్తవ పెద్దల ఆగ్రహానికీ గురయ్యారు. గుడికి ఆయన అంటరానివాడు, చర్చికి అనుమానాస్పదుడు. ఈ రెండు గడపల అనుభవమే ఆయన దృష్టికి పదును పెట్టింది.

ఆయన ‘క్రీస్తు చరిత్ర’ను కావ్యంగా రచించారు. అది 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. యేసుపై జాషువా దృక్పథాన్ని తెలుసుకోవడానికి ఆ కావ్యాన్నే ఆశ్రయించడం సహజం. అయితే క్రీస్తును పేరుపెట్టి కీర్తించడం ఒక విషయం, క్రీస్తు ప్రమాణంతో సమాజాన్ని తూచడం మరొకటి. ఆ రెండవ పని ‘గబ్బిలం’లో జరిగింది.

కాళిదాసు మేఘసందేశం నమూనాగా సాగే ‘గబ్బిలం’లో నాయకుడు తంజావూరు రఘునాథ నాయకుని కాలపు అరుంధతీసుతుడు. సాయంవేళ తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలానికి తన గోడు చెప్పి, కాశీ విశ్వనాథునికి విన్నవించమని కోరతాడు. యక్షునికి మేఘం దూత అయితే ఇతనికి అపశకునంగా భావించే గబ్బిలం దూత. యక్షుని బాధ ప్రియావియోగం, ఇతని బాధ ఆకలి, అవమానం. కావ్యం వెలువడటానికి రెండేళ్ళ ముందే, 1939లో మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశానికి సంబంధించిన చట్టం వచ్చింది. చట్టం తలుపు తీసినా మనిషి లోనికి పోలేని కాలంలో, మూడు శతాబ్దాల వెనుకటి కథ చెప్పి వర్తమానాన్ని నిలదీయడం ఈ కావ్యంలోని వ్యూహం.

6. ‘గబ్బిలం’లో ఋణభావన:

కావ్యంలో అత్యంత బలమైన ఆలోచన ఋణానికి సంబంధించినది. అరుంధతీసుతుని రెక్కల కష్టం లేకపోతే పంట పండదు. అతడు లోకానికి అన్నం పెడతాడు, అతనికి అన్నం లేదు. తన కులాన్ని అణచివేసినవారి పాదాలు కందకుండా చెప్పులు కుట్టేది అతడే. ఈ స్థితిని వర్ణించి ఊరుకుంటే అది కరుణరసం అయ్యేది. జాషువా అక్కడ ఆగలేదు. ఈ దేశమే అతని సేవకు అప్పుపడి ఉన్నదని తేల్చారు.

ఈ వాక్యార్థంలోని తిరుగుబాటును తెలుగు గ్రామీణ ఆర్థిక జీవితం నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. పాలేరు, జీతగాడు అనే పదాల వెనుక ఉన్నది తండ్రి చేసిన అప్పుకు కొడుకు చాకిరీ చేసే వ్యవస్థ. వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం 1976లో గాని రాలేదు. ఊరి లెక్కలలో దళితుడు ఎప్పుడూ బాకీదారే. జాషువా ఆ లెక్కల పుస్తకాన్ని తిరగవేశారు. అసలు బాకీ పడినది ఊరు, అప్పు ఇచ్చినవాడు మాదిగ. ఈ తలక్రిందుల దృష్టికి తలక్రిందులుగా వేలాడే గబ్బిలం దూత కావడం ఎంతో సముచితం.

దీని నైతిక ఫలితం గణనీయమైనది. పేదవాడు బాకీదారు అయితే అతనికి ఇచ్చేది దానం. అతడు ఋణదాత అయితే అతనికి ఇచ్చేది బాకీ చెల్లింపు. దానం ఇచ్చినవాడు కృతజ్ఞతను ఆశించగలడు. అప్పు తీర్చేవాడు ఆశించలేడు. ద్రాక్షతోట ఉపమానం యజమాని ఔదార్యం వద్ద నిలిచిన చోట, ‘గబ్బిలం’ కూలీ హక్కు వద్దకు చేరింది. యాకోబు పత్రికలో మొరపెట్టిన కూలి ఈ కావ్యంలో ఒక జాతి మొత్తానికి చెల్లించవలసిన బాకీగా విస్తరించింది.

7. కర్మ, గుడి – రెండు ప్రశ్నలు:

అరుంధతీసుతుడు గబ్బిలంతో పంపే ప్రశ్నలలో కర్మ ప్రధానమైనది. కర్మ పేరుతో తన నోరు కట్టివేసి స్వార్థపరులు తన తిండిని అనుభవిస్తున్నారనీ, ఆ కర్మకు తనపై ఉన్న పగ ఏమిటో ఈశ్వరుని చేతనే ఋజువు చేయించమనీ అతడు కోరతాడు. ఇక్కడ దేవుడు నిందితుడు కాడు, సాక్షి. సిద్ధాంతాన్ని తయారుచేసినవారు ఆ సాక్షిని ఏనాడూ పిలవలేదన్నది ఆరోపణ.

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో ఇటువంటి సన్నివేశమే ఉంది. పుట్టుగుడ్డిని చూసి శిష్యులు, ఇతడు ఇలా పుట్టడానికి పాపం చేసినది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని అడుగుతారు. యేసు రెండింటినీ తోసిపుచ్చి, జరగవలసిన పని వైపు వారి దృష్టి మళ్ళిస్తాడు. బాధకు బాధితుడే కారణమని చెప్పే వాదం ఏ మతంలో ఉన్నా, దాని ప్రయోజనం ఒకటే. చూసేవాని బాధ్యతను అది రద్దు చేస్తుంది. జాషువా కర్మను ప్రశ్నించింది తత్త్వశాస్త్ర చర్చ కోసం కాదు. తన అన్నం ఎక్కడికి పోతున్నదో తేల్చడం కోసం.

రెండవ ప్రశ్న గుడికి సంబంధించినది. ప్రతిమల పెళ్ళిళ్ళకు వేలు ఖర్చుపెట్టే నేల పేదవాని ఖాళీ పాత్రలో మెతుకు రాల్చదని కావ్యం నిష్ఠురంగా పలుకుతుంది. దేవునికి అర్పితమని చెప్పి తల్లిదండ్రుల పోషణను ఎగవేసే ‘కొర్బాను’ ఆచారాన్ని యేసు ఖండించడం, ఆలయంలో వ్యాపారుల బల్లలు పడద్రోయడం ఇదే కోవకు చెందినవి. దేవుని పేరిట సేకరించిన సంపద మనిషిని ఆకలితో వదిలితే ఆ ఆరాధన చెల్లదన్నది రెండుచోట్లా ఉన్న ప్రమాణం.

పూజారి లేని వేళ చూసి శివుని చెవిలో తన కథ చెప్పమని గబ్బిలాన్ని కోరడంలో మరొక సూక్ష్మం ఉంది. దేవునికీ మనిషికీ మధ్య కాపలా కాసే వర్గాన్ని కవి ప్రక్కకు తప్పించాడు. యేసు మరణవేళ ఆలయపు తెర పైనుండి క్రిందివరకు చినిగిందని సువార్తలు చెబుతాయి. తెర చినగని చోట గబ్బిలం దారి చూపింది.

8. అభ్యంతరాలు – సమాధానాలు:

ఈ పఠనానికి మూడు అభ్యంతరాలు ఎదురుకావచ్చు.

మొదటిది, ‘గబ్బిలం’ క్రైస్తవ కావ్యం కాదన్నది. ఇది వాస్తవం. దాని దైవం శివుడు, దాని నమూనా కాళిదాసు, దాని మార్గం భారతదేశపు పుణ్యక్షేత్రాలు. కావ్యానికి క్రైస్తవ ముద్ర వేయడం కవికి అన్యాయం చేయడమే. ఇక్కడ ప్రతిపాదించినది ప్రభావం కాదు, ప్రమాణాల సామ్యం. ఒక వ్యవస్థను దాని అట్టడుగు మనిషి స్థితితో కొలవాలన్న సూత్రం రెండింటికీ సమానం.

రెండవది, తన రాజ్యం ఈ లోకానికి చెందినది కాదని పిలాతు ఎదుట యేసు చెప్పిన మాట. ఆ వెంటనే, అది ఈ లోకానికి చెందినదైతే తన సేవకులు పోరాడి ఉండేవారని ఆయన అంటాడు. కాబట్టి అక్కడి భేదం బలప్రయోగానికి సంబంధించినదిగా అర్థం చేసుకోవడం సమంజసం. కైసరు నాణెం సన్నివేశం దీనిని సమర్థిస్తుంది. కైసరు రూపం ఉన్న నాణెం కైసరుది. దేవుని స్వరూపంలో సృష్టింపబడినవాడని ఆదికాండం చెప్పిన మనిషి ఎవరి సొత్తు? ఏ రాజూ, ఏ కులమూ మనిషిపై యాజమాన్యం చెప్పుకోజాలదన్న సమాధానం అందులోనే ఉంది.

మూడవది బలమైనది. విన్నపం రాజకీయ కార్యం అవుతుందా? 1927లో మహద్ చెరువు నీటి కోసం, 1930లో నాసిక్ కాలారామ్ ఆలయం కోసం అంబేద్కర్ నాయకత్వంలో ప్రత్యక్ష పోరాటాలు జరిగిన తరువాత, 1941లో దేవునికి కబురు పంపడం వెనుకడుగుగా తోచవచ్చు. కావ్యానికి ఈ పరిమితి ఉన్నమాట నిజం. దాని నాయకుడు సంఘం కట్టడు, ఒంటరిగా మాట్లాడతాడు. అయితే ఆ విన్నపాన్ని వినేవారు శివుడు ఒక్కడే కాదు, తెలుగు పద్యాన్ని ఆరాధించే సవర్ణ పాఠకులు కూడా. వారికి ప్రియమైన ఛందస్సులో, వారు కొలిచే దేవుని పేరిట, వారి బాకీ చీటీని వారి ఎదుటనే చదివించడం సాహిత్యం చేయగల రాజకీయ కార్యమే.

9. చర్చి గడప – చట్టం గడప:

ఇంతవరకు చెప్పిన ప్రమాణాన్ని గుడికి మాత్రమే వర్తింపజేసి ఆగితే అది మతవాదమే అవుతుంది. యేసు సుంకరులతో, పాపులని ముద్రపడినవారితో కలిసి భోజనం చేశాడు. ఆ భోజనపంక్తిపైనే ఆయనకు విమర్శలు వచ్చాయి. అంతియొకయలో అన్యజనులతో కలిసి భుజిస్తున్న పేతురు, కొందరు యూదులు రాగానే పంక్తి నుండి తొలగిపోతే పౌలు బహిరంగంగా నిలదీశాడని గలతీయ పత్రిక తెలుపుతుంది. పంక్తి భేదం చర్చికి ఆదినుండి ఉన్న పరీక్ష. తెలుగు చర్చిలో మాల, మాదిగ భేదాలు, పై కులాల నుండి వచ్చినవారి ప్రత్యేకతలు, పెళ్ళి సంబంధాలలో కుల పట్టింపు కొనసాగుతున్నంతకాలం ఈ పరీక్ష ముగియదు.

కారంచేడులో 1985 జూలై 17న మాదిగలపై, చుండూరులో 1991 ఆగస్టు 6న మాలలపై జరిగిన హత్యాకాండలు దళితవాడలో చర్చి ఉన్నంతమాత్రాన కులం దాడి ఆగదని రుజువు చేశాయి. కొట్టేవాడు బాధితుని మతం అడగలేదు. చట్టం మాత్రం అడుగుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ అది విస్తరించింది. క్రైస్తవం స్వీకరించిన దళితులు ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.–సి వర్గం క్రింద ఒక శాతం రిజర్వేషన్‌కు పరిమితమయ్యారు. వారికి షెడ్యూల్డు కుల హోదా ఇవ్వాలని కోరుతూ 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. ఈ నేపథ్యంలో రికార్డులో ఒక మతం, ఆరాధనలో మరొక మతంగా జీవించే పరిస్థితి అనేక కుటుంబాలకు ఏర్పడింది.

ఈ పరిస్థితిని వ్యక్తుల కపటంగా చూసేవారున్నారు. జాషువా ఋణభావన దీనిని మరోవిధంగా చూపుతుంది. రిజర్వేషన్‌ను దానంగా భావించినప్పుడే, పుచ్చుకునేవాడు ఎవరి ఆరాధకుడన్న ప్రశ్న తలెత్తుతుంది. తరతరాల శ్రమకు చెల్లించవలసిన బాకీగా భావిస్తే ఋణదాత మతం అడిగే అధికారం బాకీదారుకు ఉండదు. అదే సమయంలో ఈ భావన చర్చినీ వదలదు. దళితుల విశ్వాసంతో, కానుకలతో, శ్రమతో నిలిచిన చర్చి తన పదవులలో, ఆస్తుల నిర్వహణలో వారికి తీర్చవలసిన బాకీ ఎంత? ప్రభుత్వాన్ని అడిగే ప్రశ్నను తనను తాను కూడా అడుగుకోవడం యేసు పేరు ధరించిన సంస్థకు కనీస ధర్మం.

10. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. యేసు బోధల రాజకీయార్థం కూలి, అప్పు, భోజనపంక్తి, ఆలయం వంటి నిత్యజీవిత విషయాలలో నిక్షిప్తమై ఉంది. అధికారం ఎవరి చేతిలో ఉండాలన్నదానికన్నా మనిషిని ఏ ప్రమాణంతో కొలవాలన్నది దాని ప్రధాన చింతన.

2. విశాఖపట్నంలో మొదలైన తెలుగు సువార్తల పదజాలంలో ‘రాజ్యం’, ‘నీతి’, ‘ఋణం’ అనే మాటలకు సాంఘికార్థాన్ని తిరిగి చేర్చి చదవవలసి ఉంది. ఒంగోలు మాదిగల ఆదివారపు విరామం అటువంటి పఠనానికి ఆచరణాత్మక ఉదాహరణ.

3. జాషువా ‘గబ్బిలం’ దళితుని బాకీదారు స్థానం నుండి ఋణదాత స్థానానికి మార్చింది. ద్రాక్షతోట ఉపమానం యజమాని ఔదార్యానికి వదిలిన న్యాయాన్ని ఈ కావ్యం హక్కుగా నిలబెట్టింది.

4. కర్మవాదాన్ని నిలదీయడంలో, ఆలయ సంపదను పేదవాని పాత్రతో తూచడంలో ‘గబ్బిలం’ సువార్తలకు సన్నిహితంగా ఉంది. ఈ సామ్యం కావ్యాన్ని క్రైస్తవీకరించడానికి ఆధారం కాజాలదు.

5. ఋణభావనను అంగీకరించినప్పుడు దళిత క్రైస్తవుల హక్కుల చర్చ దయాదాక్షిణ్యాల స్థాయిని దాటుతుంది. ఆ బాకీ లెక్క ప్రభుత్వంతో పాటు చర్చి కూడా విప్పవలసినది.

అరుంధతీసుతుని విన్నపం ఏ దేవునికి చేరిందన్నది విశ్వాసానికి సంబంధించిన విషయం. అతని లెక్క సరియైనదా కాదా అన్నది మాత్రం గుడికీ, చర్చికీ, ప్రభుత్వానికీ సమానంగా వర్తించే ప్రశ్న. దానాల జాబితాలతో దానికి సమాధానం చెప్పడం సాధ్యం కాదు.